విదూషకుని ఆకలి, నాయకుని ఆకలి: కమిల్లెరి అపరాధపరిశోధక నవలలు

అపరాధపరిశోధక నవలను విమర్శకులు సాధారణముగా కథాకౌతుకమును బట్టియే తూచుచుందురు. హంతకుడెవరో తెలిసిన పిదప అట్టి గ్రంథమును మరల తెరచువారుండరని వారి వాదము. ఇటలీ రచయిత ఆంద్రియా కమిల్లెరి (1925–2019) సృష్టించిన సాల్వో మోంతల్‌బానో నవలల విషయమున ఈ వాదము నిలువదు. వీనిని రెండవమారు చదువువాడు వెదకికొనునది హత్యారహస్యమును కాదు, ఆ పోలీసు అధికారి మధ్యాహ్న భోజనమును. ఇది పరిహాసమునకు చెప్పిన మాట కాదు. ఆ భోజనమునకు కథలో గల పనియేమో విచారించుటయే మా ఉద్దేశము.

పలెర్మో నగరమందలి సెల్లెరియో సంస్థ 1994లో మొదటి నవలయగు ‘నీటి ఆకారము’ను ప్రకటించునాటికి కమిల్లెరి అరువదియెనిమిదేండ్లు నిండినవాడు. అంతకుముందాయన రంగస్థల దర్శకుడు, నాట్యవిద్యాలయమున ఉపాధ్యాయుడు. ఇటలీ ప్రసారసంస్థలో పనిచేయుచు, సిమెనాన్ సృష్టించిన మెగ్రే కథల దూరదర్శన రూపముల నిర్మాణమున పాల్గొన్నవాడు. నాయకునికి మోంతల్‌బానో అను పేరు స్పెయిన్ రచయిత మాన్యుయెల్ వాస్కెస్ మోంతల్బాన్‌పై గౌరవముచే పెట్టినది. ఆ రచయిత పరిశోధకుడైన పెపె కార్వాల్యో కూడ భోజనప్రియుడే. అయితే కార్వాల్యో స్వయముగ వండును. మోంతల్‌బానో వండడు, తినును. ఈ భేదము చిన్నది కాదు. పరులు వండిపెట్టగా తినువాడు పరుల చేతికి లోబడినవాడు. కమిల్లెరి హాస్యము ఈ పారతంత్ర్యమునుండియే పుట్టుచున్నది.

సంస్కృత నాటకములలో తిండిపై ఆశ విదూషకుని సొత్తు. మృచ్ఛకటికమున మైత్రేయుడు వసంతసేన ఇంటి ప్రకోష్ఠములను చూచుచు వంటశాల కడకు వచ్చి లోలోన ఉవ్విళ్లూరును. నాయకునికో, ఆకలి లేదు. విరహమున ఆహారము మానుటయే ఆతనికి శోభ. కమిల్లెరి మన నాటకముల నెరిగియుండెనని మేము చెప్పుటలేదు. కాని విదూషకుని రెండు లక్షణములను విడదీసి, ఆకలిని నాయకునకును, వికృతవాక్కును ఠాణాలో టెలిఫోనుకడ నుండు కతరెల్లాకును పంచియిచ్చినట్లు ఈ నవలలు కనబడుచున్నవి. ఆకలిగొన్న నాయకుడు నవ్వులపాలు కాకుండుట ఎట్లన్నదే ఇచటి చిక్కు.

మోంతల్‌బానో భోజనమున గాంభీర్యమున్నది. తినునప్పుడు మాటలాడడు, ఎదుటివారు మాటలాడినను సహింపడు. చేపవంటకము మీదనో, గవ్వచేపల పాస్తా మీదనో జున్నుపొడి చల్లుకొను సహోద్యోగి మిమీ ఔజెల్లోను చూచి, హత్యాస్థలమున కలుగని జుగుప్సను పొందును. భోజనానంతరము రేవుగట్టుపై దీపస్తంభము వరకు నడచి, ఒక బల్లపరుపు రాతిపై కూర్చుండును. ఈ నిష్ఠను రచయిత ఎన్నడును వెక్కిరింపడు. వెక్కిరింపకుండుటచేతనే మనకు నవ్వు వచ్చును.

ఆతనికి వండిపెట్టునది అదెలీనా. ఆమె కుమారులు చెరసాలకు పోవుచు వచ్చుచుండువారు. వారిలో ఒకనిని పట్టి చెరకు పంపినది మోంతల్‌బానోయే. ఆతని బిడ్డకు జ్ఞానస్నానపు తండ్రియు మోంతల్‌బానోయే. 1999 నాటి కథాసంపుటములో, సంవత్సరాంతపు రాత్రి అదెలీనా కుమారులిద్దరును ఇంటనుండు సందర్భమున అరంచీని చేయనెంచి ఆతనిని పిలుచును. అరంచీని యనగా మాంసము కూరిన అన్నపుటుండలను నూనెలో వేచునది. ఆమె పద్ధతిని రెండు దినముల పని. ప్రియురాలు లివియా పారిస్ రమ్మనుచున్నది. ఇంతలో ఒక కుమారునిపై దొంగతనపు అనుమానము వచ్చిపడును. పోలీసు అధికారి ఆ యువకుని నిర్దోషిత్వమును నిరూపించుటకు పూనుకొనుటలో న్యాయబుద్ధి యెంత, జిహ్వచాపల్యమెంత? రచయిత తేల్చిచెప్పడు. చట్టము, కడుపు, స్నేహము ఒక పళ్లెరములో కలిసినవి.

తిండి వర్ణనలు పుటలు నింపుటకే యనువారికి 1996లో వెలువడిన ‘చిరుతిండి దొంగ’ సమాధానము. అచట ఒక విశ్రాంత వర్తకుడు లిఫ్టులో హతుడగును. ఆతని కార్యాలయమును శుభ్రపరచు ట్యునీసియా స్త్రీ కరీమా కనబడకపోవును. బడిపిల్లల చిరుతిండ్లు లాగికొను బాలుడొకడున్నాడని ఊరి తల్లుల ఫిర్యాదు. ఆ బాలుడు ఆమె కొడుకు, ఫ్రాన్స్వా. వాడు దొంగ కాడు, ఆకలిగొన్నవాడు. పెద్దలు ఈ ఫిర్యాదును అల్లరిగా తలచిరి. ఆకలి నెరిగిన మోంతల్‌బానో దానిలో జాడను చూచెను. రుచి నెరిగిన నాలుకకే పరుని ఆకలి గోచరించినది. తరువాత సముద్రతీరమున, చిన్ననాడే తల్లిని కోల్పోయిన ఆ అధికారి తల్లిలేని బాలునితో మాటలాడు రాత్రిఘట్టము ఈ నవలలన్నింటిలోను మేలైనదని మా అభిప్రాయము. అచట హాస్యము లేదు. హాస్యము పెంచిన చనువు మాత్రమున్నది.

2003 నాటి నవలలో, 2001లో జెనోవాలో నిరసనకారులపై పోలీసులు సాగించిన దౌర్జన్యమునకు రోసి, మోంతల్‌బానో ఉద్యోగము వీడదలచును. రేవులో పారిపోజూచిన వలస బాలుని తానే చేయిపట్టి వెనుకకప్పగించి, పిదప ఆ బాలుని మరణము నెరుగును. మనసు కలగినపుడు ఆతని కడుపు మూసికొనిపోవుట ఈ నవలలలో తరచు కనబడును. భోజనము మానుటయే ఈ నాయకుని విలాపము.

లోపములు లేకపోలేదు. లివియా వంట చేతకానితనముపై చతురోక్తి పదేపదే వచ్చి విసిగించును. కడపటి నవలలలో భోజనము అలవాటుగా మారి, పని కోల్పోయినది.

కతరెల్లా మాటతీరు మరింత చిక్కైన విషయము. పేర్లను తారుమారు చేయు ఆతని పలుకులకు నవ్వుట, చదువులేనివానిని చూచి నవ్వుట కాదా? కమిల్లెరి కథనమే సిసిలీ మాండలికము కలిసిన ఇటాలియనులో నడచుచున్నది. కనుక అచట మాండలికము హాస్యాస్పదము కాజాలదు. కతరెల్లా తడబడునది కార్యాలయభాషను పలుకబోయినపుడే. ఆ నవ్వు ఆ భాషపై పడును. ఈ నవలలను తెనిగింపబూనువారు కతరెల్లాకు ఏదో ఒక జిల్లా పలుకుబడిని అంటగట్టినచో మూలమునకు, ఆ జిల్లాకు కూడ అన్యాయము చేసినవారగుదురు. ఆతనికి ఇయ్యవలసినది ఠాణా నోటీసులలోని తెలుగు, సగము జ్ఞప్తినుండి, సగము ధైర్యముమీద పలికినది.