శివపూర్ తోట: మఱ్ఱి చాటున మఱుగైనవి

కలకత్తాకు ఎదుట, హుగ్లీనది పడమటి ఒడ్డున ఉన్న శివపూర్ వృక్షశాస్త్రోద్యానమునకు పోయినవారిలో పెక్కుమంది మహావటవృక్షమును చూచి తిరిగివత్తురు. అది చూడదగినదే. శిలీంధ్రము సోకిన మూలకాండమును 1925లో తొలగించినను, కొమ్మలనుండి దిగిన ఊడలే స్తంభములై దానిని బ్రతికించుచున్నవి. చిన్న అడవివలె కనుపించు ఆ గుంపంతయు ఒకే చెట్టు! అయినను, సుమారు 109 హెక్టారుల తోటను ఒక్క మఱ్ఱిగా వర్ణించి ఊరకుండుట న్యాయము కాదు.

1787లో కర్నల్ రాబర్ట్ కిడ్ సూచనపై ఈస్టిండియా కంపెనీ ఈ తోటను వేయించినది విహారమునకు కాదు. ఓడలకు టేకు, వర్తకమునకు సుగంధద్రవ్యములు కావలెను. కాని జాజి, లవంగము వంటి భూమధ్యరేఖాప్రాంతపు మొక్కలకు బెంగాలు వాతావరణము సరిపడలేదు. టేకు కూడ ఆ ఒండ్రునేలలో ఆశించిన కలప నీయలేదు. తోటను పొగడువారు ఈ అపజయములను ఒక్క వాక్యముతో దాటివేయుదురు. నా దృష్టిలో మాత్రము తోట చేసిన మొదటి శాస్త్రకృషి ఇదియే. ఏ మొక్క ఎచ్చట పెరుగదో ఊహచే గాక ప్రయోగముచే తేలినది. ప్రయోగశాలలో అనుకొన్న ఫలితము రాలేదని విద్యార్థి వ్రాసినచో దానిని కొట్టివేయు అలవాటు మన అధ్యాపకులలో ఇంకను ఉన్నది.

1793లో తోట బాధ్యత వహించిన విలియం రాక్స్‌బర్గు అంతకు పూర్వము మన సామర్లకోటలో తోట పెంచి, మిరియము మొదలగు పంటలను పరీక్షించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కలపై ఆయన గ్రంథము 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడినది. అందు తెలుగు పేర్లను శ్రద్ధతో చేర్చినాడు. బెరడు జ్వరౌషధముగా వాడబడిన సోమిద చెట్టునే చూడుడు. సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా అను దాని శాస్త్రనామములో మొదటి మాట మన తెలుగు మాటయే. రెండవదానికి జ్వరమును పోగొట్టునదని అర్థము.

రాక్స్‌బర్గును భారతీయ వృక్షశాస్త్ర పితామహుడనుటకు నాకు అభ్యంతరము లేదు. కాని ఆ చిత్రములను గీసిన భారతీయుల పేర్లు గ్రంథముఖపత్రముపై లేవు. సోమిద పేరు చెప్పినవాడెవడో అసలే తెలియదు. తోట చరిత్రను అధికారుల వరుసగా వ్రాసినంతకాలము ఈ లోపము కనబడదు. 2009లో ఉద్యానమునకు జగదీశ్ చంద్ర బోసు పేరు పెట్టుట ఉచితమే; దానితో పాతబాకీ తీరలేదు.

విద్యార్థులను శివపూరుకు తీసికొనిపోవువారు మఱ్ఱిని కడపట చూపుట మంచిది. సామర్లకోట ప్రాంతపు పాఠశాలలవారు అంతదూరము పోనక్కరలేదు. రాక్స్‌బర్గు వ్రాసికొన్న తెలుగు పేర్లలో ఏవి నేటికిని వాడుకలో నున్నవో ఊరి పెద్దలనడిగి, చెట్టుచెట్టునకు ఎదుట నిలిచి పట్టిక వ్రాయించవచ్చును.