పాపాల జాబితా

తపస్సుకాలం రెండో వారమైనా దాటలేదు, ఫోన్లోకి జాబితాలు దిగాయి. పాపసంకీర్తనానికి సిద్ధపడేవారికి ప్రశ్నలట. దేవుడి పేరు వృథాగా పలికావా? ఆదివారం పూజ మానావా? బ్యాంకు దరఖాస్తు నింపుతున్నట్టు అనిపించి చికాకేసింది. గుడిలో మైకు తగ్గించి మౌనం పెంచమని ఇక్కడ ఎన్నోసార్లు రాశాను, మీకు తెలుసు. ఆత్మపరిశోధనకూ మౌనమే కావాలి, ప్రశ్నల చిట్టా కాదని రాద్దామనే కూర్చున్నాను.

ఇంతలో నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు అక్షరం రాదు. గుంటూరు జిల్లాలోని మా ఊళ్లో, పండక్కి ముందు ఫాదరుగారు వస్తున్నారని ఉపదేశిగారు కబురు చెప్పగానే అరుగు మీద కూర్చుని పది ఆజ్ఞలూ వేళ్ల మీద చెప్పుకునేది. ఒక్కో వేలి దగ్గరా ఆగేది. ఏడో ఆజ్ఞ దగ్గర లేచి, పొరుగింట్లో బదులు తెచ్చిన బియ్యం కొలిచి ఇచ్చి వచ్చేది. ఎనిమిదో ఆజ్ఞ దగ్గర చాలాసేపు పట్టేది. ఆ తర్వాత కొంగు సర్దుకుని తోడికోడలి ఇంటికి వెళ్లేది. ‘నీ మీద లేని మాట అన్నానే, మనసులో పెట్టుకోకు’ అని చెప్పి వచ్చాకే గుడికి బయల్దేరేది. ముందు సోదరుడితో సమాధానపడి వచ్చి అప్పుడు కానుక అర్పించమని మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఉంది. ఆమె దాన్ని చదవలేదు, పూజలో విన్నది.

ఆ వేళ్లు జాబితా కాక మరేమిటి? ఒంటరిగా మౌనంలో వెతుక్కుంటే చెప్పుకోవడానికి అలవాటైన పాపాలే దొరుకుతాయి: కోపం, ప్రార్థనలో పరధ్యానం. ఏడో ఆజ్ఞ దగ్గర ఎవరైనా ఆపితే తప్ప పనిమనిషికి ఎగ్గొట్టిన జీతం గుర్తురాదు. జాబితా కావాల్సిందే. ఇప్పుడున్నది చాలదు.

నాకొచ్చిన వాటిలో కులం గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ 2022లో కార్డినల్ అయినప్పుడు, తొలి దళిత కార్డినల్ అని పండగ చేసుకున్నాం. పెళ్లి సంబంధం వచ్చేసరికి మాత్రం జ్ఞానస్నానం కన్నా ముందు కులం అడుగుతున్నాం. కులవివక్ష పాపమని భారత బిషప్పుల సమాఖ్య 2016 నాటి దళిత విధాన పత్రంలోనే చెప్పింది. పాపమైతే పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి కదా!

పోప్ ఫ్రాన్సిస్ 2014లో మొదలుపెట్టిన ‘ప్రభువు కోసం 24 గంటలు’ తపస్సుకాలం నాలుగో ఆదివారానికి ముందు శుక్ర, శనివారాల్లో వస్తుంది. జాబితాలు పంపే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆలోపు వీటినీ చేర్చండి. పనికొచ్చిన మనిషికి వేరే గ్లాసు పెట్టానా? కులం చూసి సంబంధం కాదన్నానా? పక్క వాడవాళ్ల చావుకు వెళ్లకుండా ఉండిపోయానా? ఏ ఆజ్ఞ కింద రాయాలో తెలియకపోతే మీ విచారణ గురువులను అడగండి.