మావులో పడిన పరదేశి

ఏలూరినుండి గుడివాకలంకకు వెళ్లినప్పుడెల్ల కొల్లేటి పక్షులకంటె ముందుగా నా చూపు మావులమీద నిలుచును. సన్నని వెదురుపుల్లలను నారతో కూర్చి, వచ్చు చేపకు దారి యిచ్చి పోవు చేపకు దారి యీయని గొంతు నొకదానిని లోపల నమర్చి, నీటివాలు నెఱిగి గుఱ్ఱపుడెక్క నడుమ దానిని దించివచ్చు వృద్ధజాలరి వెంట తాటిదోనెలో తిరిగిన బాల్యమున నాకు తెలిసివచ్చినదేమనగా, చేప యలవాట్లెఱుగనివాడు మావు నల్లజాలడు. కొరమేను ఎచట పొంచియుండునో, కొత్తనీటికి జెల్ల యెట్లు ఎదురీదునో, ఆ ముసలివాని పుల్లల సందులలోనే లిఖింపబడి యుండెడిది.

ఆ లిఖితమున లేనిది చైనా గొరక అను చేప. పేరు చైనాదే గాని పుట్టుక ఆఫ్రికా తూర్పుతీరపు ఏటిమొగలలో. 1852లో పీటర్స్ అను జర్మను శాస్త్రవేత్త దానికి మొజాంబిక్ పేర నామకరణము చేసెను. సరిగా నూరేండ్లకు, 1952లో, పేదవానికి చౌకగా ఆహారము దొరకునను సదుద్దేశముతో దానిని సింహళమునుండి మనదేశమునకు తెచ్చిరి. ఉప్పునీరును మంచినీరును దానికొక్కటే. ప్రాణవాయువు తఱిగిన మురికినీటనైనను బ్రతుకును. తల్లి గ్రుడ్లను, పిదప పిల్లలను నోటనే దాచి కాపాడును. అట్టి తల్లిని నిందించుటకు నాకు నోరు రాదు. అదియునుగాక, 2006లో ప్రభుత్వము గట్లు కొట్టించువఱకు కొల్లేటి సరస్సును చేపల చెఱువులుగా కోసికొన్న మనకు, పరాయి చేపను ఆక్రమణదారు అనుటకు ఏమి యధికారము?

మొన్న ఆ జాలరి కుమారుడు మావు నెత్తి గుమ్మరింపగా, అరచేతి వెడల్పైనను లేని చైనా గొరకలే దోనె యడుగున గిలగిల కొట్టుకొన్నవి. వాని క్రింద రెండే మట్టగిడసలు. “మావు నిండిందండి. మా అయ్య అల్లింది దీనికోసం కాదు గదా!” అని యతడు నవ్వెను. చిన్న గొరకలకు బేరము లేదు. పోనిండని విడిచిపెట్టినచో మఱునాటికి అవియే తిరిగి వచ్చును.

అతడును ఊరకుండలేదు. పుల్లల సందు కొంత పెంచి క్రొత్త మావు నొకదాని నల్లినాడు. రెండు దినములు నీట నుంచి తీసి చూడగా, సన్ననివగు జెల్లలు సందులనుండి జారిపోయినవి. వెన్నునుండి పొట్టవఱకు వెడల్పైన గొరకలు మాత్రము లోపలనే నిలిచినవి.