మాటల్లేని చార్లీ వెనక హైదరాబాద్ పనితనం

మా నకిరేకల్ వైపు కథంటే నోటితో చెప్పేదే. ఒగ్గు కథైనా, గొల్లసుద్దులైనా, మాట ఆగితే కథ ఆగినట్టే. ఇక్కడికి వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌కు, సంభాషణలే లేని ఒక టీవీ కార్టూన్ తయారీలో భాగం ఉందని చాలామందికి తెలియదు. పేరు ‘చాప్లిన్ అండ్ కో’. ఫ్రాన్స్‌కు చెందిన మెథడ్ యానిమేషన్, ఎంకే2 సంస్థలతో కలిసి హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ నిర్మించింది. 2011 ప్రాంతంలో ప్రసారానికి వచ్చింది. మొత్తం 104 భాగాలు, ఒక్కోటి ఆరేడు నిమిషాలు.

1914లో తెరకెక్కిన చార్లీ చాప్లిన్ దేశదిమ్మరి పాత్రను తెచ్చి ఈ కాలపు నగరంలో దింపారు. టోపీ, చేతికర్ర, చిట్టి మీసం తయారుచేయడం పెద్ద కష్టమేమీ కాదు. కష్టమంతా నడకలో ఉంది. కంప్యూటర్‌లో పుట్టిన బొమ్మకు బరువుండదు, పనివాడే దాన్ని పుట్టించాలి. చాప్లిన్ వీధి మలుపు దగ్గర ఒంటికాలి మీద నిలిచి, రెండో కాలు గాల్లో ఉండగానే గెంతుతూ తిరుగుతాడు కదా. అదే పని బొమ్మతో చేయించాలంటే, నేల మీదున్నప్పుడు బూటు వెంట్రుకవాసి కూడా జారకూడదు. నడుము ముందే ఒరగాలి. కోటు అంచు ఒంటికన్నా ఒక క్షణం వెనక కదలాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మనిషి పోయి బొమ్మే మిగులుతుంది. యూరప్ టీవీ లెక్కన సెకనుకు 25 ఫ్రేములు. అంటే ఆరు నిమిషాలకు 9,000.

మాటలున్న కార్టూన్‌లో పెదవులాడితే కథ నడిచిపోతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఆశపడ్డాడనీ, అది అడియాస అయిందనీ కనురెప్పా భుజమే చెప్పాలి. ఆ రెంటికీ నడుమ బొమ్మ నిలబడిపోయే అర సెకను ఉంటుంది చూడండి, నా దృష్టిలో గొప్పతనమంతా అక్కడే. పూర్తిగా బిగుసుకుపోతే ప్రాణం పోయినట్టుంటుంది, ఎక్కువ కదిలితే భావం చెదిరిపోతుంది. ఊపిరి తీసుకున్నంత కదలిక ఉంచాలి, అంతే.

మాట లేదంటే చప్పుడు లేదని కాదు. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు ఆ సంగతి 1987లోనే, మాటల్లేని తన సినిమా ‘పుష్పక విమానం’లో చూపించారు. పెద్ద హోటల్ గదిలో కమల్‌హాసన్‌కు నిద్ర పట్టదు. తన పాత గది పక్కనున్న సినిమా హాలు గోలను టేపులో పట్టి తెచ్చుకుని వింటేగానీ కన్ను మూతపడదు. అతని బతుకెలాంటిదో ఆ గోలే చెప్పేస్తుంది.

నల్లగొండ చుట్టుపక్కల ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలుంటారు. వాళ్లకు తెలుగు రాదు, మనవాళ్లకు ఒడియా రాదు. మాటల్లేని చార్లీ మాత్రం ఇద్దరికీ ఒకేసారి అర్థమవుతాడు. టీచర్లకు నా మనవి: బడిలో టీవీ ఉంటే ఒక భాగం పెట్టండి, పిల్లలందరినీ కలిపి కూర్చోబెట్టండి. చివర్లో తయారుచేసినవాళ్ల పేర్లు పడేటప్పుడు మాత్రం కట్టెయ్యకండి, అవి కూడా చూడనివ్వండి.