తెలుగుకూ ఒక ఫాంటు రాసిపెట్టండి

టెక్స్ట్ ఎడిటర్ వేసుకున్న రోజే ఇంగ్లీషుకి ఫాంటు ఏరికోరి పెట్టుకుంటాం. ఒకటికీ ఎల్‌కీ తేడా తెలియాలి, సున్నాకీ ఓకీ తేడా తెలియాలి అని ఎంత చూస్తామో! తెలుగు దగ్గరకొచ్చేసరికి ఏది వస్తే అదే. రోజంతా ఎడిటర్‌లోనే రాసే నాకు ఇది చిన్న విషయంగా తోచదు.

కోడు రాసేవాళ్లు ఇష్టపడే కన్సోలాస్‌లో, డెజావూ శాన్స్ మోనోలో తెలుగు అక్షరాలు లేవు. మనం చెప్పకపోతే ఎడిటర్ తనకు దొరికిన ఫాంటేదో తెచ్చి అతికిస్తుంది. ఏదీ దొరక్కపోతే ఖాళీ డబ్బాలు. డబ్బాలైతే వెంటనే కనిపిస్తాయి, సరిచేసుకుంటాం. నన్ను బాధపెట్టేది రెండో రకం. అక్షరాలు వస్తాయి, కానీ ఇంగ్లీషు పక్కన సన్నగా, చిన్నగా, వత్తులు కింది వరసకు తగులుతూ ఉంటాయి. కళ్లు లాగుతున్నా సర్దుకుపోతాం.

స్త్రీ అని రాసి చూడండి. యూనికోడ్ లెక్కలో అవి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరూ ఒక్క అక్షరమై, తవత్తు, రావత్తు కుదురుగా కూర్చోవాలంటే ఫాంటులో ఆ కూర్పు నియమాలుండాలి, వాటిని చదివి అమలుచేసే ఇంజనూ ఉండాలి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి ఆ పని హార్ఫ్‌బజ్ అనే ఇంజను చూస్తోంది. తేలిక పనేం కాదు. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అన్న అక్షరం ఒక రకంగా టైపై వస్తే ఐఫోన్లలో యాప్‌లే కూలిపోయాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

మనం చేయాల్సింది మాత్రం ఒక్క లైను. ఈమాక్స్‌లో సెట్-ఫాంట్‌సెట్-ఫాంట్‌తో తెలుగు లిపికి నోటో శాన్స్ తెలుగు అని చెప్తే చాలు, ఇంగ్లీషు జోలికి పోదు. చిన్నగా అనిపిస్తే ఫేస్-ఫాంట్-రీస్కేల్-అలిస్ట్‌లో ఆ ఒక్క ఫాంటునే పెంచుకోవచ్చు. వీఎస్ కోడ్‌లో ఫాంట్ ఫ్యామిలీ దగ్గర ముందు ఇంగ్లీషు ఫాంటు, కామా పెట్టి తెలుగు ఫాంటు. ఈ వరస తప్పకూడదు. మండలి, రామభద్ర లాంటి తెలుగు ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలూ ఉన్నాయి. వాటిని ముందు పెడితే కోడంతా వాటిలోకే మారి నిలువు వరసలు చెదిరిపోతాయి. లైన్ హైట్ కూడా కాస్త పెంచండి, వత్తులకు చోటు కావాలి. టెర్మినల్‌లో విమ్ వాడేవాళ్లకు ఫాంటు ఎంపిక టెర్మినల్ చేతిలో ఉంటుంది. సమానమైన గళ్లలో మన అక్షరాలు ఇమడవు. పేజీలకు పేజీలు తెలుగు రాయాలంటే దాన్ని నేను సిఫారసు చేయను.

మీ ఎడిటర్‌లో ఇప్పుడు తెలుగు చూపిస్తున్న ఫాంటు ఏదో మీకు తెలుసా? ఈమాక్స్‌లో అక్షరం మీద కర్సర్ పెట్టి డిస్క్రైబ్-చార్ అంటే పేరుతో సహా చెప్తుంది. ఒకసారి చూడండి, నచ్చకపోతే ఈ వారమే మార్చేయండి.