‘రివర్ టౌన్’ నందలి వీడుకోలు

పీటర్ హెస్లర్ రచించిన ‘రివర్ టౌన్’ (2001) నందలి వీడుకోలు విచారింపఁదగినది. అమెరికా పీస్ కోర్ స్వచ్ఛందోపాధ్యాయుఁడుగా నతఁడు 1996 మొదలు 1998 వఱకు చీనాదేశమున, యాంగ్సీతీరమందలి ఫూలింగు ఉపాధ్యాయకళాశాలలో నాంగ్లసాహిత్యమును బోధించెను. ‘యాంగ్సీపై రెండేండ్లు’ అను నుపశీర్షికయే వియోగమునకు గడువును జెప్పుచున్నది.

గడువెఱిఁగి వచ్చినవాని తుదిశోకము కృత్రిమము కాదా యని శంక. కాదు. త్యాగార్థకమగు ‘వీడు’నకు స్వీకారార్థకమగు ‘కొను’ చేరి యీ పదమేర్పడినది. ఒసఁగ వచ్చిన గురువు అచ్చటి భాష నభ్యసించి, ‘హో వెయ్’ అను చీనానామమును గైకొనెను. కావున నతనిది దాతృదుఃఖము కాదు; ఋణస్థుని దుఃఖము.

ఉత్తమపురుషకథనమగుటచే శిష్యుల వియోగదుఃఖము గురుదృష్టికి లోఁబడియే కానవచ్చుట కొఱఁత. అయినను 2019లో సిచువాన్ విశ్వవిద్యాలయమున మఱల బోధింపఁబోయి, 2024 నాఁటి ‘అదర్ రివర్స్’ గ్రంథమునఁ బూర్వశిష్యుల జీవితములను వర్ణించి, యా ఋణమును గొంత తీర్చెను.