నాళాగిరి ఫలకము: కథాజ్ఞానము, రూపదర్శనము

శిల్పము నాస్వాదించుటకు దాని కథ తెలియవలయునా అను ప్రశ్న క్రొత్తది కాదు. రూపమే చాలునను వారి ముందు మేము చెన్నై ప్రభుత్వ మ్యూజియమునందలి అమరావతి వర్తుల ఫలకము నొకదాని నుంచదలచితిమి. క్రీ.శ. రెండవ శతాబ్దిదిగా పండితులు నిర్ణయించిన యీ ఫలకమున, కథ యెరుగనివానికి రెండేనుగులు కానవచ్చును. ఒకటి జనులను తొక్కి చెండాడుచున్నది, వేరొకటి మోకరిల్లియున్నది. నిజమునకు ఏనుగొక్కటియే.

దేవదత్తుడు బుద్ధుని జంపింపగోరి, రాజగృహ వీథిలోనికి నాళాగిరి యను మత్తగజమును విడిపించెననియు, తథాగతుని మైత్రీబలమున నది శాంతించి యాతని పాదముల కడ వ్రాలెననియు బౌద్ధ వాఙ్మయము చెప్పుచున్నది. కవికి "అంతలో" నను నొక్క మాట కలదు. దానితో నతడు కాలమును దాటును. శిల్పికి ఆ మాట లేదు. కావున నతడు ఒకే గజమును రెండుమారులు చెక్కి, నడుమ కాలమును మనకు విడిచినాడు. కథ నెరుగనివానికి లోపించునది కేవల సమాచారము కాదు, ఈ ఫలకము యొక్క రూపమే.

అయినను కథ తెలియుటతో పని తీరినదని తలచు విమర్శకులయెడ మాకు అంతకంటె నెక్కువ అసంతృప్తి కలదు. వారు "నాళాగిరి దమనము" అని పేరు వ్రాసికొని ముందునకు సాగుదురు. భయమున ప్రక్కనున్న పురుషుని హత్తుకొన్న స్త్రీని, గవాక్షములనుండి తొంగిచూచువారిని వారు చూడరు. దమనమునకు ముఖ్యమైనవారు గజము, బుద్ధుడు మాత్రమే. శిల్పి మాత్రము తన యులి నెక్కువగా ఆ పౌరుల భయముపైననే నిలిపినాడు. భయానక మింతగా పోషింపబడుటచేతనే కుడివైపు శాంతము శాంతముగా తోచుచున్నది.

మరియొక విశేషము. అమరావతి శిల్పములందు బుద్ధుడు పెక్కుచోట్ల పాదముద్రలుగను, శూన్యాసనముగను సూచితుడు. ఇచట మానవరూపమున నిలిచియున్నాడు. ఉన్మత్తగజమున కెదురుగా కదలక నిలిచిన దేహము లేనిచో ఈ ఘట్టమునకు బలము చాలదని మా యభిప్రాయము.

ఇది స్తూపమును చుట్టిన ప్రాకారవేదికలోని భాగము. ప్రదక్షిణము చేయుచు నడచువారికై చెక్కబడినది. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన శిలలలో పెక్కు 1859లో లండనుకు పంపబడినవి. ఒక వేదికలోని రాళ్లు నేడు రెండు ఖండములందున్నవి. ఈ ఫలకమును మనము నిలుచుండి చూచుచున్నాము.